జాడ

జులైలో హాలోవే కౌంటీలో గాలిని ఎవరూ పీల్చరు,
నములుతారు.
నా బండిలో ఉత్తరాలు మధ్యాహ్నానికి మెత్తబడతాయి.
కవర్ల జిగురు దానంతటదే కరిగి
కరెంటు బిల్లూ పెళ్ళిపిలుపూ
ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు.

డ్యూటీకి ముందు, ఏడింటికి,
ఎర్రమట్టి రోడ్డు కొసన వెర్లీన్ టగుల్ ఇంటి దగ్గర ఆగుతాను.
పెకాన్ చెట్లకి ఎడంగా, ఆకాశానికి అడ్డంలేని చోట
ఒక రేకు గొట్టం.
నలభై రెండేళ్ళు అందులో కొలపుల్ల ముంచి
వాన ఎంతో రాసి పంపిందావిడ.
జీతం లేదు. ఎప్పుడో ఒక బ్యాడ్జీ ఇచ్చారు,
కుట్టుమిషను సొరుగులో గుండీల మధ్య ఉంది.
ఇప్పుడు పుల్లమీది గీతలు ఆవిడ కంటికి ఆనవు.
నేను చూస్తాను.
వరండాలోంచి కేకేస్తుంది: "ఎంత?"

మా వాతావరణం ఎలా ఉంటుందని అడిగితే
కచేరీలో ఒక కాగితం చేతిలో పెడతారు.
ఏడాదికి సగటున నలభై తొమ్మిది అంగుళాలు,
వేసవి సగటు ఇంత, చలికాలం సగటు ఇంత.
సగటు అనేవాణ్ణి నేను ఇంతవరకూ చూళ్ళేదు.
నా రూట్లో ఆరొందల పన్నెండు ఉత్తరాల డబ్బాలున్నాయి,
ఒక్కదాని మీదా ఆ పేరు లేదు.

ఉన్నది రూఫస్ డెల్.
పీచ్ చెట్టుకి ఎనిమిది వందల గంటల చలి కావాలి,
పోయిన శీతాకాలం నాలుగొందలకే చేతులెత్తేసింది.
మార్చిలో కొమ్మకో పువ్వు.
టోపీ తీసి చేత్తో పట్టుకుని తోట మధ్య నిలబడ్డాడు,
ఎవరో పోయినట్టు.
ఉన్నది ఆర్డెల్లా. చర్చిలో ముందు వరస.
శవపేటికల కంపెనీ పంచిన అట్ట విసనకర్రతో
విసురుకుంటూనే శ్రుతి అందుకుంటుంది.

తుఫాను రాత్రి సంగతి ఆవిడే చెప్పింది.
సముద్రం ఎక్కడో ఉంది, దాని కోపం మాత్రం ఇక్కడికొచ్చింది.
గొట్టం నిండి పొర్లేలోపల
లాంతరు పట్టుకుని మూడుసార్లు దిగింది.
మోకాటి లోతు నీళ్ళలో నిలబడి
నీళ్ళని కొలిచింది,
కొలిచి, ఆ నీళ్ళలోనే పారబోసింది.

కానీ నాకు గుర్తుండేది వేరే.
చేరిన వారంలో ఒకరోజు
పుల్ల తడవలేదు. అడుగున రెండు చుక్కలు.
"సున్నా" అన్నాను.
"పడిందా లేదా?"
"పడింది, కొలతకి అందలేదు."
"అయితే సున్నా కాదు. జాడ అని రాయి."

జాడకి అంకె లేదు.
జాడా జాడా కూడితే జాడే.
నెలంతా రోజూ జాడ పడినా
నెల మొత్తం కింద జాడ అనే రాయాలి.
కచేరీ కాగితం దాకా అది చేరదు.

ఆవిడ పాత పుస్తకం తిరగేస్తుంటే
ఒక ఆగస్టు తొమ్మిది కనబడింది. భర్త హోసియా పోయిన రోజు.
చదువుకోని రోజు కాదది, రాయని రోజూ కాదు.
వాన: జాడ.
ఉరుములూ వడగళ్ళూ రాసే పక్క గడిలో
రోజూ ఉండే అక్షరాలే, వణుకు లేకుండా:
"గాలి లేదు."
పన్నెండో తారీఖు దగ్గర ఇంకో ముక్క:
"హోసియా చొక్కాలు ఉతికి మూడు రోజులు.
ఇంకా ఆరలేదు."

పుస్తకం మూసి ఉన్నచోటే పెట్టాను.

ఇవాళ మబ్బు రాలేదు.
ఉక్కకి పిట్టలు కూడా నోళ్ళు తెరుచుకుని కూచున్నాయి.
గొట్టం మీదికి వంగానో లేదో
నా నుదుటి మీంచి ఒక బొట్టు
టప్పున లోపల పడింది.
"ఎంత?"
పుల్ల పట్టుకుని నిలబడ్డాను.
"ఏమయింది, మాట్లాడవేం?"
చెప్పాను.
చాలాసేపు నవ్వింది, దగ్గొచ్చేదాకా.
"మనుషులది లెక్కలోకి తీసుకోరు నాయనా,
తుడిచేసి రా.
టీ చల్లబడుతోంది, గ్లాసు కూడా చెమటోడుస్తోంది."